నాకేమీ లేదన్నారు

5 ఆగస్టు 2006, శనివారం

పొద్దున్నే కాలేజీ మైదానంలోకి పెద్ద తెల్ల బస్సు వచ్చింది. ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళు పంపారట. లోపల రొమ్ముకు ఫోటో తీసే మిషను ఉంది. నలభై దాటిన ఆడవాళ్ళందరికీ ఉచితంగా చూస్తారు, ఉద్యోగులు ఇంట్లోవాళ్ళను కూడా తెచ్చుకోవచ్చు అని ప్రిన్సిపాల్ గారు ముందే చెప్పారు. లైబ్రరీలో పుస్తకాలు సర్దే నన్ను కూడా ఉద్యోగుల్లో కలిపినందుకు సంతోషపడి, మా తోడికోడలు సువార్తను వెంటబెట్టుకుని వెళ్ళాను. ఒక్కదాన్నే వెళ్ళడానికి సిగ్గేసింది, అంతే.

చేవెళ్ళలో బస్సెక్కగానే ఎవరో పెద్దమనిషి లేచి సువార్తకు సీటిచ్చాడు. మొయినాబాద్ దాకా నేను నిలబడే వచ్చాను. నాకంటే నాలుగేళ్ళు చిన్నది, అంతే కదా తేడా.

టెంటు కింద కుర్చీలు వేశారు. హాస్టల్లో వంటచేసే ధనమ్మ నా ముందు కూర్చుంది. "మా ఇంటాయనే సూసుడు మానేసి ఎన్నేండ్లాయెనో, గిప్పుడు కంపెనీవోళ్ళొచ్చి సూస్తరట!" అన్నది. అందరం పడీపడీ నవ్వాం. లోపలి నుంచి పేరు పిలిచేసరికి మాత్రం ధనమ్మ నవ్వు ఆగిపోయింది. కొంగు రెండు భుజాల మీదుగా కప్పుకుని వెళ్ళింది.

నా వంతు వచ్చింది. లోపల చల్లగా ఉంది. తెల్లకోటు వేసుకున్న అమ్మాయి జాకెట్టు విప్పమంది. మా ఆయన కూడా ఏనాడూ వెలుతురులో చూడనిదాన్ని ఆ పిల్ల చేత్తో ఎత్తి చల్లటి పలక మీద పెట్టి, పైనుంచి ఇంకో పలక దించింది. జొన్నరొట్టె ఒత్తినట్టే. "ఊపిరి బిగబట్టండమ్మా, కదలకండి." మొహం పక్కకు తిప్పి నిలబడ్డాను. నొప్పి పుట్టింది, కేక వేసేంత కాదు. అంతకంటే ఎక్కువ బాధ, దాన్ని ఎవరో వస్తువులాగా సర్దడం. అటు రెండుసార్లు, ఇటు రెండుసార్లు. అయిపోయాక ఆ అమ్మాయి "చక్కగా నిలబడ్డారమ్మా" అంది. నన్ను ఎవరైనా మెచ్చుకుని ఎన్నాళ్ళయిందో.

తెర వెనక హుక్కులు పెట్టుకుంటుంటే సువార్త వచ్చింది. తను నాలాగా గోడవైపు తిరగలేదు. మాట్లాడుతూనే విప్పేసింది. ఇద్దరు బిడ్డలను కన్న ఒళ్ళులా లేదు. నేను చూడలేదు. చూపు పడింది.

6 ఆగస్టు, ఆదివారం

ఎడమవైపు కమిలినట్టుంది. ఎవరికీ చెప్పలేదు. సువార్త తనకు నొప్పిగా ఉందని చెప్పింది. అందుకని అత్తమ్మ ఆమె బట్టలు కూడా నన్నే పిండమంది.

16 ఆగస్టు, బుధవారం

మధ్యాహ్నం లైబ్రరీ ఫోనుకు చేశారు. "కృప గారా? మీకేమీ లేదమ్మా. రెండేళ్ళకోసారి చూపించుకుంటూ ఉండండి." ఫోను పెట్టేశాక సర్దిన పుస్తకాల వరసనే మళ్ళీ సర్దాను. అంత భయపడ్డానని అప్పటిదాకా నాకే తెలియదు. సాయంత్రం బస్సు దిగి చేవెళ్ళ చౌరస్తాలో జిలేబి కొన్నాను. అందరినీ కూర్చోబెట్టి చెప్పాలనుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి అందరూ ముందే కూర్చుని ఉన్నారు. మాది ఒకే ప్రహరీలో రెండు వాటాలు. మధ్య వాకిట్లో నవారు మంచం, మంచం మీద సువార్త, ఆమె భుజం చుట్టూ అత్తమ్మ చెయ్యి. మా మరిది గిద్యోను, ప్లాట్లు అమ్ముకుంటూ చెవి నుంచి సెల్‌ఫోను దించనివాడు, ఫోను జేబులో పెట్టుకుని నేల చూస్తున్నాడు. మా ఆయన ప్రేమ్ కుమార్ డ్యూటీకి కూడా పోకుండా స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

సువార్తకు కూడా ఫోను వచ్చిందట. ఫోటోలో ఏదో కనిపిస్తోంది, పట్నంలో పెద్ద దవాఖానకు వచ్చి మళ్ళీ తీయించుకోవాలి అన్నారట.

"నాక్కూడ చేసిన్రు" అన్నాను.

మా ఆయన ఇటు తిరిగాడు. "ఏమన్నరు?"

"ఏం లేదన్నరు."

"మరింకేంది" అని మళ్ళీ అటు తిరిగాడు.

జిలేబి పొట్లం సంచిలోనే ఉండిపోయింది.

18 ఆగస్టు, శుక్రవారం

రాత్రంతా మాదాపూర్ సాఫ్ట్‌వేర్ పిల్లలను ఇళ్ళకు దింపి వచ్చినవాడు కన్ను మూయకుండా మళ్ళీ బండి తీశాడు. సువార్తను, అత్తమ్మను, గిద్యోనును బండిలో ఎక్కించుకుని మా ఆయన పట్నం పోయాడు. గిద్యోనుకు కారుంది. కానీ చేతులు వణుకుతున్నాయట.

నాకు గర్భసంచి తీసినప్పుడు ఈయన సాయంత్రం వచ్చాడు. "డ్యూటీ ఇడిసిపెట్టరు" అన్నాడు. అత్తమ్మ టిఫిన్ డబ్బాలో పప్పన్నం ఎవరితోనో పంపింది.

ఇది రాయకూడదు గాని, గుర్తొచ్చింది.

20 ఆగస్టు, ఆదివారం

మళ్ళీ ఫోటోలు తీశారు, స్కానింగ్ కూడా చేశారు. చేతికి తగలనంత చిన్నది ఉందట. సూదితో ముక్క తీసి పరీక్ష చేస్తేగాని ఏదీ చెప్పలేం అన్నారట. చర్చిలో అందరూ సువార్త కోసం ప్రార్థన చేశారు. పాట ఎత్తుకునేది ఎప్పుడూ తనే. ఈ రోజు తను పాడలేదని సగంమంది కళ్ళు తుడుచుకున్నారు.

నేనూ ప్రార్థన చేశాను. చేశాను.

22 ఆగస్టు, మంగళవారం

అత్తమ్మ సువార్తకు బలమని మేకకాళ్ళ పాయ వండింది. పొద్దున్నుంచీ కట్టెల పొయ్యి మీద. వాసన నా వాటా దాకా వచ్చింది. గిన్నె రాలేదు.

24 ఆగస్టు, గురువారం

దానిమ్మపండ్లు తెచ్చాడు మా ఆయన. తెచ్చి నా చేతికే ఇచ్చి, "సువార్తకియ్యి" అన్నాడు.

"నా ఆపరేషన్ నాడు ఏం తెచ్చినవ్?" అని అడిగాను. అడగకూడదు అనుకుంటూనే అడిగాను.

ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. "నువ్వు గట్టిదానివి గద" అన్నాడు.

పండ్లు ఇచ్చి వచ్చాను. ఒకటి తీసుకోమంది సువార్త. వద్దన్నాను.

26 ఆగస్టు, శనివారం

ఈ రోజు ఒక పని చేశాను. అన్నం తినేటప్పుడు, "నాకు గూడ ఎడమపక్క గుంజుతున్నది" అన్నాను. గుంజుతోందా? కొంచెం. నిన్న గుంజింది.

మా ఆయన కలుపుతున్న ముద్ద ఆపలేదు. "నీకేం లేదన్నరు గద" అన్నాడు. అత్తమ్మ మాత్రం నన్ను చాలాసేపు చూసింది. ఆ చూపు పడ్డాక కంచం తీసుకుని లేచాను.

నాకేమీ లేదు. అవును. దవాఖాన వాళ్ళు కూడా అదే మాట చెప్పారు.

నేను సువార్త మీద అసూయపడుతున్నానని ఎవరైనా అనుకుంటే అది వాళ్ళ బుద్ధి. ఎవరైనా జబ్బు మీద అసూయపడతారా?

28 ఆగస్టు, సోమవారం

సూది పరీక్ష వద్దని తేల్చారు. వాకిట్లో కూర్చుని తేల్చారు. గిద్యోనుకు శంకర్‌పల్లిలో వెంచర్ వేస్తున్న సంగయ్య అనే ఆయన చెప్పాడట, "ముక్క తీసిన్రంటే ఒళ్లంత పాకుతది, మా సుట్టాలల్ల గట్లనే అయింది" అని. అత్తమ్మ ఉపవాస ప్రార్థనలు మొదలుపెట్టింది. "క్రిస్మస్ అయినంక సూద్దాం, దేవుడే కరిగిస్తడు" అంది. మా ఆయన తల ఊపాడు.

సువార్త నవారు మంచం మీదే ఉంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. నన్ను కూడా ఎవరూ ఏమీ అడగలేదు. నన్ను అడగకపోవడం మాత్రం అలవాటే.

2 సెప్టెంబర్, శనివారం

నల్లా దగ్గర గిన్నెలు తోముతుంటే సువార్త వచ్చి పక్కన కూర్చుంది. కూర్చోవద్దని అత్తమ్మ లోపలి నుంచి అరిచింది. తను లేవలేదు.

"అక్కా, నన్ను దవాఖానకు తీస్కపోతవా? సూది పరీక్షకు."

నాకు ఒళ్ళు మండింది. "నేనెందుకు? నీకు మొగడున్నడు, కారున్నది, అత్తమ్మున్నది. నీకోసం డ్యూటీలు ఇడిసిపెట్టెటి బావ ఉన్నడు. గింతమంది ఉండంగ నేనెందుకు?"

తను మట్టి చేత్తో తీసుకుని నా గిన్నెల్లో ఒకటి అందుకుని తోమడం మొదలుపెట్టింది.

"గింతమంది ఉన్నరనే నీ దగ్గరికొచ్చిన. అందరు నా గురించి మాట్లాడుతరు, నాతోటి ఎవ్వరు మాట్లాడరు. పొద్దుమాపు నా రొమ్ముదిక్కే సూస్తరు. నేను అప్పుడే పోయినట్టు మంచిగ చేస్తరు. ఆ పాయ తాగుతుంటే నా సావుకూడు నేనే తింటున్నట్టున్నది అక్కా." తోమిన గిన్నె పక్కన పెట్టి అంది. "నిన్నెవ్వరు సూడరు. నువ్వు ఎటువోయినా ఎవ్వరు అడగరు. నిన్ను సూస్తే నాకు కుళ్ళయితది."

నేను గిన్నెలు బుట్టలో వేసుకుని లోపలికి వచ్చేశాను.

3 సెప్టెంబర్, ఆదివారం

నిన్నెవ్వరు సూడరు అంది.

5 సెప్టెంబర్, మంగళవారం

కాలేజీలో టీచర్స్ డే, నా కోసం ఎవరూ చూడరు. సెలవు పెట్టాను. ఇంట్లో మాత్రం, చీర కొనుక్కోవాలి, సువార్తను తోడు తీసుకుపోతున్నాను అన్నాను. "తిప్పి అలసట చెయ్యకు" అంది అత్తమ్మ. అలసట నాకు కాదు, ఆమెకు.

మెహదీపట్నం బస్సు ఎక్కాం. సువార్త కిటికీ పక్కన కూర్చుంది. రోడ్డుకు రెండువైపులా కందిచేలు, వాటి మధ్య రంగు జెండాలు పాతిన ప్లాట్లు. "గిది మీ మరిదిది, గదిగో గది గూడ" అని చూపించింది ఒకచోట. మొయినాబాద్ దాటాక ఏమీ మాట్లాడలేదు. చెయ్యి నా సంచి మీద పెట్టి కూర్చుంది.

దవాఖానలో పెద్ద హాలు. అన్నీ కుర్చీలే, అందరూ ఆడవాళ్ళే. మెడలో కంపెనీ ట్యాగు వేసుకున్న పిల్ల ఒకతి ఉంది. వాళ్ళమ్మను తీసుకొచ్చింది అనుకున్నాను. పిల్ల పేరే పిలిచారు, తల్లి బయట ఉండిపోయింది. బుర్ఖా వేసుకున్న ఒకామె నన్ను చూసి, "పహలీ బార్?", మొదటిసారా అని అడిగింది. నాకు కాదు, తనకు అని సువార్తను చూపించాను. "డరో మత్" అని సువార్తకు ధైర్యం చెప్పింది. మేమందరం ఒకేలా కూర్చుని ఉన్నాం, చేతులు రెండూ ఛాతీ మీద కట్టుకుని. చలికి అనుకున్నాను మొదట.

నర్సమ్మ వచ్చి, "వెంట ఎవరు లోపలికొస్తారు?" అంది. సువార్త నా చెయ్యి వదల్లేదు.

డాక్టరమ్మ స్కానింగ్ తెర చూస్తూ సూది దించింది. ముందు మొద్దుబారడానికి ఒక ఇంజెక్షన్, తర్వాత టక్కుమని చప్పుడు, మళ్ళీ టక్కు. ప్రతి టక్కుకీ సువార్త గోళ్ళు నా అరచేతిలోకి దిగాయి. నేను తెర చూడలేదు, సూది చూడలేదు. తన మొహమే చూశాను. ఎంత అందమైన మొహం, ఎన్నేళ్ళు దాన్ని తిట్టుకున్నాను. బుగ్గ మీద చెమట నా కొంగుతో తుడిచాను.

"సూదివెడితే పాకుతదంటరు గద మేడం" అని నేనే అడిగాను.

"పాకదమ్మా. ఆగితే పాకుతుంది" అంది ఆవిడ.

బస్సులో వచ్చేటప్పుడు నా అరచేయి చూసుకున్నాను. గోళ్ళ గాట్లు ఎర్రగా ఉన్నాయి. అత్తమ్మకు లేవు ఇవి. గిద్యోనుకూ లేవు.

6 సెప్టెంబర్, బుధవారం

దాగలేదు. కట్టు చూసింది అత్తమ్మ.

"ఎవర్నడిగి తీస్కపోయినవ్ వదినా?" అని గిద్యోను వాకిట్లో నిలబడి అరిచాడు. నా మీద ఏనాడూ గొంతు పెంచనివాడు.

"సువార్తనడిగిన."

"నా కోడలికి సూదులు పొడిపిచ్చింది!" అని అత్తమ్మ ఏడుపు.

"నేను గూడ కోడలినే అత్తమ్మా" అన్నాను. ఆ మాటకు ఇక్కడ సంబంధం లేదని నాకు తెలుసు. అయినా వచ్చేసింది. ఇన్నేళ్ళకు వచ్చింది.

మా ఆయన నన్ను పక్కకు పిలిచి, "నీకెందుకు గీ పెత్తనం? ఏమన్నయితే నీ మీదికొస్తది" అన్నాడు. రానీ అన్నాను. కనీసం ఏదో ఒకటి నా మీదికి వస్తుంది.

11 సెప్టెంబర్, సోమవారం

క్యాన్సరే.

ఫలితం కోసం ఇద్దరం వెళ్ళాం. ఈసారి గిద్యోను కూడా వచ్చాడు, మాతో మాట్లాడకుండా తన కారు నడుపుతూ. డాక్టరమ్మ తెలుగులో నెమ్మదిగా చెప్పింది. చాలా చిన్నగా ఉండగానే దొరికింది. చేతికి దొరికేదాకా ఆగి ఉంటే వేరే సంగతి. రొమ్మంతా తీయక్కర్లేదు, గడ్డ ఉన్నంత మేర, చంకలో కొంచెం తీస్తే చాలు. తర్వాత కరెంటు పెడతారు, రేడియేషన్ అంటారట. "సూది పొడిచినందుకే గిట్లయిందా?" అని గిద్యోను అడిగాడు. ఆవిడ అతన్ని కాసేపు చూసి, "ఆ సూది వల్లే మనకు తెలిసిందయ్యా" అంది. అతను కారులో స్టీరింగ్ మీద తలపెట్టి ఏడ్చాడు. సువార్త అతని వీపు నిమిరింది. నేను వెనక సీట్లో కూర్చుని అద్దంలోంచి చూశాను.

ఇది రాయాలి, ఇది ఎవరూ చదవరు కాబట్టి. ఆమెను ఎందుకు తీసుకుపోయానో నాకు తెలుసు. ఏమీ లేదని తేలితే పాయ వండటం ఆగుతుంది, దానిమ్మపండ్లు ఆగుతాయి, మా ఆయన డ్యూటీకి పోతాడు, ఇల్లు మళ్ళీ మునుపటిలా అవుతుంది, అందరూ ఆమె ఒళ్ళు మరిచిపోతారు. అందుకు తీసుకుపోయాను. తనకూ ఏమీ లేదు అనిపించడానికి. 

అరచేతిలో గోళ్ళు దిగినప్పుడు కూడా అందుకేనా? అప్పుడు కాదేమో. తెలియదు.

12 సెప్టెంబర్, మంగళవారం

కాలేజీకి వెళ్ళాను. ధనమ్మ అడిగింది, చెప్పాను. "నాకొచ్చిన ఫోను నేను ఎత్తనేలేదు" అంది మెల్లగా. నా టేబుల్ మీది ఫోను ఆమె ముందుకు జరిపి, దవాఖాన నంబరు నేనే తిప్పాను.

26 సెప్టెంబర్, మంగళవారం

నిన్న ఆపరేషన్ అయింది. బాగా జరిగింది అన్నారు. హాలు నిండా మా వాళ్ళే. ప్రార్థనలు, ఫ్లాస్కులు, పండ్ల సంచులు. మా ఆయన రాత్రంతా బండిలో పడుకున్నాడు.

మెలకువ రాగానే ఎవరిని అడిగింది? పిల్లల్ని. తర్వాత గిద్యోనును. సహజమే. మూడో పేరు ఎవరిదో నేను వినలేదు, అప్పటికి నీళ్ళు తేవడానికి వెళ్ళాను.

8 అక్టోబర్, ఆదివారం

ఇంటికి వచ్చిన దగ్గరి నుంచి సువార్త గాయం ఎవరికీ చూపించడం లేదు. గిద్యోనుకూ చూపించలేదు. "ఎట్లున్నదో నేనే సూడలేదు" అంటుంది. కట్టు మార్చాలి. దవాఖానకు పోయి మార్పించుకుంటోంది.

15 అక్టోబర్, ఆదివారం

ఈ రోజు చర్చిలో గిద్యోను సాక్ష్యం చెప్పాడు. దేవునికి స్తోత్రం అన్నాడు. ఉపవాసాలు చేసిన తల్లికి, బండి తీసిన అన్నకు, ప్రార్థించిన సంఘానికి, చిన్నగా ఉండగానే కనిపెట్టిన డాక్టరమ్మకు వందనాలు చెప్పాడు. పాండు అని కొత్తగా చేరిన డ్రమ్ము వాయించే అతనికి కూడా చెప్పాడు, ఆ రోజు రక్తం ఇచ్చాడని. నేను ఆడవాళ్ళ వైపు మూడో వరసలో కూర్చున్నాను. నా పేరు వస్తుందని చివరిదాకా అనుకున్నాను. ఆమేన్ కూడా అయిపోయింది.

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. చచ్చేంత కుళ్ళు. రక్తం ఇచ్చిన పాండు మీద కూడా. ఇన్ని జరిగాక కూడా నేను మారలేదు అన్నమాట. పోనీ, మారలేదు.

ఇంటికొచ్చి చీర మార్చుకుంటుంటే సువార్త నా వాటాలోకి వచ్చింది. ఆపరేషన్ అయ్యాక నా గడప తొక్కడం ఇదే. కుడిచెయ్యి ఇంకా పైకి లేవడం లేదు. మంచం మీద కూర్చుని, "అక్కా, కట్టు ఇప్పుతవా? డాక్టరమ్మ ఇంట్లనే మార్సుకోమన్నది" అంది.

"అత్తమ్మ ఉన్నది గద. గిద్యోను ఉన్నడు."

"వాళ్ళు ఏడుస్తరు. నువ్వు ఏడ్వవు."

గట్టిదానివి గద అన్న మాటే ఇది కూడా. కానీ ఈసారి వేరేగా వినిపించింది. ఎందుకో తెలియదు.

సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చాను. హుక్కులు ఒకటొకటిగా తీశాను. తను గోడవైపు తిరిగి కూర్చుంది, ఆనాడు బస్సులో నేను తిరిగినట్టు. "జర ఇటు తిరుగు, కనవడ్తలేదు" అన్నాను. తిరిగింది. కళ్ళు మూసుకుంది. కుట్లు ఎండాయి. పక్కకు కొంచెం గుంట పడింది, అంతే. మిగతాదంతా ఉంది.

"ఎట్లున్నదక్కా?"

అబద్ధం చెప్పాలనిపించలేదు. "జర సొట్ట వడ్డది. బాగనే ఉన్నది. నాకంటె ఇప్పటికి నీదే బాగున్నది" అన్నాను.

తను కళ్ళు తెరిచి నన్ను చూసింది. తర్వాత నవ్వింది. కుట్లు లాగుతున్నాయని పక్క పట్టుకుని మరీ నవ్వింది. నాకూ నవ్వు వచ్చింది. నవ్వుతూనే మొదటిసారి తల వంచి తన గాయం తను చూసుకుంది.

అప్పుడు తలుపు దగ్గర చప్పుడైంది. అత్తమ్మ. చేతిలో వేడినీళ్ళ గిన్నె, భుజం మీద ఉతికిన గుడ్డ. "నేను మారుస్త తే" అంటూ లోపలికి రాబోయింది.

సువార్త చప్పున కొంగు లాక్కుంది. "వద్దత్తమ్మా. అక్క చేస్తున్నది."

అత్తమ్మ గడప అవతలే ఆగింది. సువార్తను చూసింది, తర్వాత నన్ను చూసింది, నా చేతిలోని దూదిని చూసింది. ఆ చూపు ఏమిటో ఈ ఇంట్లో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. వేడినీళ్ళు ఆవిడ చేతిలోంచి తీసుకుని తలుపు దగ్గరగా వేశాను.

"పాపం అక్కా, పిలువు. బాధవడ్తది" అంది సువార్త.

"రేపు పిలుస్త" అన్నాను.